క్లౌన్‌ఫిష్‌లు కొట్టుకుంటున్నాయా? ఏది వదిలేయాలి, ఏది ఆపాలి, ఎలా విడదీయాలి

క్లౌన్‌ఫిష్ అంటే తెల్ల చారల చిన్న సముద్రపు చేప, ఇంట్లో ఉప్పునీళ్ల ట్యాంకులో పెంచుతారు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు అలాంటి ట్యాంకులు పెట్టేవాళ్లు తక్కువే. కానీ పెట్టిన ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు ఇదే ప్రశ్న వేస్తారు: "రెండు క్లౌన్‌లు తెచ్చానండీ, పెద్దది చిన్నదాన్ని బతకనివ్వట్లేదు, ఏం చెయ్యమంటారు?" ఒకరికి ఫోన్‌లో, ఇంకొకరికి మెసేజ్‌లో చెప్పిందే చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

ముందే ఒక మాట. గొడవ అసలు లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు, అలా చేయాల్సిన పని కూడా లేదు. రెండు క్లౌన్‌లు కలిసి బతకాలంటే ఒకటి పెత్తనం చేయాలి, రెండోది ఆ పెత్తనానికి ఒప్పుకోవాలి. ఒప్పుకునే దాకా కాస్త తరమడం, కొరకడం ఉంటుంది. మీరు చూసుకోవాల్సిందల్లా ఓడిపోయేది ఆ లోపు చావకుండా ఉందా, దాక్కోడానికి చోటుందా, నోట్లోకి తిండి వెళ్తోందా అన్నదే.

థియరీ ఈ ఒక్క పేరాతో సరిపెడతాను. క్లౌన్‌ఫిష్ ఏదీ పుట్టుకతో ఆడది కాదు. కలిసి ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది, పెత్తనం చేసేది ఆడదవుతుంది. దాని తర్వాతది మగది. ఆడది చచ్చిపోతే ఆ మగదే మెల్లగా ఆడదిగా మారుతుంది. కానీ ఒకసారి ఆడదయ్యాక మళ్లీ మగదవ్వడం ఉండదు. అందుకే రెండు ఆడవాటిని ఒక ట్యాంకులో వేస్తే అది ఎప్పటికీ తెగని తగాదా, ఏ చిట్కా పనిచేయదు.

ఏది మామూలు, ఏది ప్రమాదం

మామూలుగా జరిగేది ఇలా ఉంటుంది. పెద్దది చిన్నదాని మీదకి ఒక్క ఉదుటున వెళ్తుంది. చిన్నది పారిపోకుండా ఒక పక్కకి ఒరిగి, పొట్ట భాగం చూపిస్తూ, తల నుంచి తోక దాకా గజగజ వణుకుతుంది, అచ్చం వైబ్రేషన్‌లో పెట్టిన ఫోన్ బల్ల మీద కదిలినట్టు. రెండు మూడు సెకన్లు వణికి ఆగుతుంది, పెద్దది వెనక్కి వెళ్లిపోతుంది. ఫిట్స్ వచ్చాయనుకుని చాలామంది టెన్షన్ పడిపోతారు కానీ, మీరు కోరుకోవాల్సిందే ఆ వణుకు. "సరే, నువ్వే పెద్ద" అని ఒప్పుకోవడం అది. రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక గాజు దగ్గర చెవి పెడితే కటకటమని చిన్న చప్పుడు కూడా వినిపించొచ్చు. దవడలు టక్కున మూసి పళ్లు కొట్టుకునేలా చేస్తాయివి. అది కూడా బెదిరింపే, దానికీ కంగారు అక్కర్లేదు.

ప్రమాదం ఇలా ఉంటుంది: చిన్నది వణికినా పెద్దది వదలకుండా ట్యాంకు ఈ చివరి నుంచి ఆ చివరికి తరుముతూనే ఉంటుంది. లేదా రెండూ నోళ్లు పట్టుకుని గిరగిరా తిరుగుతాయి. లేదా ఓడిపోయింది పై మూలలో, హీటర్ వెనకో పంపు వెనకో, కదలకుండా నిలబడిపోతుంది, తిండి వేసినా కిందకి రాదు. రెక్కలు చీలికలై ఉంటాయి, కంటి దగ్గర దెబ్బ ఉండొచ్చు, మొప్పలు గబగబా ఆడుతుంటాయి. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఇక ఆగకండి.

ఇక్కడో చిక్కుంది. మీరు ట్యాంకు ముందు నిలబడగానే రెండూ తిండి కోసం గాజు దగ్గరికి వచ్చి బుద్ధిమంతుల్లా ఊగుతాయి, మీరు "అబ్బే, బాగానే ఉన్నాయి" అనుకుని వెళ్లిపోతారు, మీరు వెళ్లాక అసలు కథ మొదలవుతుంది. ఫోన్‌ని ట్యాంకు ఎదురుగా ఆనించి వీడియో పెట్టి, ఓ ఇరవై నిమిషాలు వేరే గదిలోకి వెళ్లిపోండి. ఆ వీడియోలో కనిపించేదే నిజం.

కావలసినవి

చేపని అదే ట్యాంకులో వేరుచేసి ఉంచడానికి చిల్లుల డబ్బా ఒకటి ముఖ్యం. అక్వేరియం షాపుల్లో గాజు గోడకి తగిలించే పారదర్శక డబ్బాలు దొరుకుతాయి. దొరక్కపోతే కొత్త ప్లాస్టిక్ ఫుడ్ డబ్బా, కనీసం రెండు లీటర్లది, పారదర్శకంగా ఉండాలి. కాల్చిన మేకుతో నాలుగు వైపులా, అడుగునా చిల్లులు పొడవండి. చిల్లు మీ చేప తల దూరేంత ఉండకూడదు, అలాగని నీళ్లు ఆగిపోయేంత తక్కువ చిల్లులు కూడా వద్దు. లోపలి వైపు గరుకు అంచులు వేలితో తడిమి చూసి, గీరుకునేలా ఉంటే సాండ్‌పేపర్‌తో రుద్దండి. సబ్బుతో కడగొద్దు, ఉత్త నీళ్లతోనే కడగండి. కూరగాయలు కడిగే చిల్లుల బుట్ట కూడా పనిచేస్తుంది, కానీ అందులోంచి చేపలు ఒకదాన్నొకటి సరిగా చూసుకోలేవు, చూసుకోవడమే మనకి కావాలి.

ఇంకా సక్షన్ కప్పులు, ప్లాస్టిక్ ట్యాగులు. థర్మామీటర్. నీళ్లలో ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ లేదా హైడ్రోమీటర్. చేపల మలం, కుళ్లిన తిండి నుంచి నీళ్లలో చేరే విషాలైన అమ్మోనియా, నైట్రైట్‌ల టెస్ట్ కిట్. హార్డ్‌వేర్ షాపులో దొరికే పీవీసీ పైపు ముక్కలు, ఎల్బోలు, మీ పెద్ద చేప సులువుగా దూరి తిరగగలిగే సైజువి. ట్యాంకు పైన కప్పడానికి దోమల జాలి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు.

ట్యాంకు సంగతి. రెండడుగుల ట్యాంకు, అంటే 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు ఉన్నది, నిండా పోస్తే 70 లీటర్లు పడుతుంది. ఒక జత ఆసిలారిస్ లేదా పెర్కులా క్లౌన్‌లకి అది కింది హద్దు. టొమాటో, సినమన్, క్లార్కీ రకాలైతే మూడడుగులది చూసుకోండి. మెరూన్ క్లౌన్ అన్నిటికంటే కోపిష్టిది, దాని ఆడది ఆరంగుళాల దాకా పెరుగుతుంది. రెండడుగుల ట్యాంకులో మెరూన్ జత పెట్టి "కొట్టుకుంటున్నాయి" అని అడిగితే నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఇక పని మొదలు

1. నీళ్లు చూడండి.

చేపల్ని ముట్టుకోకముందే ఇది చేయండి, పది నిమిషాల పని. వేడి 25 నుంచి 27 డిగ్రీలు, స్పెసిఫిక్ గ్రావిటీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 1.025 దగ్గర, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు వేడి 30 దాటడం మామూలే. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, అసలే తరుముడు పడుతున్న చేపకి ఊపిరి అందదు. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) లేకపోతే నీటి మీదకి చిన్న ఫ్యాను పెట్టండి, తగ్గిన నీటికి బదులు ఆర్‌వో మంచినీళ్లు కలపండి. ఉప్పునీళ్లు కలిపితే ఉప్పు పెరిగిపోతుంది, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే తప్ప ఉప్పు కాదు.

రెండు చేపలూ పైకొచ్చి ఊపిరికోసం ఆయాసపడుతుంటే అది నీళ్ల సమస్య. ఒక్కటే ఆయాసపడుతుంటే గొడవ వల్ల కావచ్చు. హైడ్రోమీటర్ వాడేవాళ్లు ముల్లుకి బుడగలు అంటుకున్నాయేమో చూసుకోండి, బుడగ ముల్లుని పైకి లేపేసి ఉన్న ఉప్పుకంటే ఎక్కువ చూపిస్తుంది.

సముద్రం పక్కనే ఉంది కదా, కళింగపట్నం వెళ్లి రెండు క్యాన్లు పట్టుకొస్తే పోలా అంటారు చాలామంది. మా పక్కింటి పిన్నిగారైతే "సముద్రాన్ని పక్కనెట్టుకుని ఉప్పు పొట్లాలు కొనడమేటి బాబూ" అని ఇప్పటికీ నవ్వుతారు. కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తాయి. వానాకాలంలో అక్కడి నీళ్లలో ఉప్పు బాగా పడిపోతుంది, పైగా పొలాల మురుగు. గొడవ పడుతున్న చేపలున్న ట్యాంకులో అలాంటి నీళ్లు పోయొద్దు. ప్యాకెట్ ఉప్పు, ఆర్‌వో నీళ్లే వాడండి.

2. ఎవరు ఎవరో తేల్చండి.

రెండూ ఒకే రకమా? ఆసిలారిస్‌తో క్లార్కీ, పెర్కులాతో మెరూన్, ఇలా కలిపితే ఈ వ్యాసం మీకు ఉపయోగపడదు, ఒకదాన్ని వెనక్కి ఇచ్చేయండి. ఒకే రకమైతే సైజు చూడండి. పక్కపక్కన ఈదుతున్నప్పుడు ఫోటో తీసి పోల్చండి, కంటి అంచనా మోసం చేస్తుంది.

పెద్దది, చిన్నది అని స్పష్టంగా తేడా ఉంటే మంచి శకునమే, ముందుకెళ్లండి. రెండూ చిన్నవి, అంగుళం అంగుళంన్నర లోపు ఉంటే ఇంకా మంచిది, ఇంకా ఏదీ ఆడదయ్యుండదు, వాటిలో అవే తేల్చుకుంటాయి. రెండూ పెద్దవి, సమానంగా ఉన్నవి, వేర్వేరు చోట్ల నుంచి తెచ్చినవి, నోళ్లు పట్టుకుని కొట్టుకుంటున్నాయంటే రెండూ ఆడవే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ కేసులో కింద చెప్పే డబ్బాలూ అద్దాలూ దండగ. ఈ రోజే విడదీసి, ఒకదాన్ని మార్చేయండి.

3. తరిమేదాన్ని పట్టి డబ్బాలో వేయండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. దెబ్బలు తింటున్నది పాపం కదా అని దాన్ని తీసి డబ్బాలో పెడతారు. అది డబ్బాలో ఉన్నన్నాళ్లూ పెద్దది ట్యాంకంతా నాదేనని ఇంకా బలపడుతుంది. చిన్నదాన్ని తిరిగి వదిలిన క్షణమే అది కొత్తగా వచ్చిన చొరబాటుదారు అవుతుంది, మొదటికంటే ఎక్కువ దెబ్బలు తింటుంది. కాబట్టి లోపల పడాల్సింది పెద్దదే. చిన్నది బయట తిరగాలి, మూలమూలలు చూసుకోవాలి, నిదానంగా తినాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కొత్త చేపని ఇంకా ట్యాంకులోకి వదల్లేదనుకోండి, అప్పుడు కొత్తదాన్నే ముందు డబ్బాలో పెట్టి పాతదాని కళ్లకి అలవాటు చేయండి. ఒక మూడు నాలుగు రోజులకి పాతది డబ్బా చుట్టూ తిరిగి కొట్టడం తగ్గించేస్తే అప్పుడు వదలండి. అలాగే చిన్నదానికి దెబ్బ బాగా తగిలి ఈదలేకపోతుంటే, ప్రాణం ముఖ్యం కనుక దాన్నే తీసి వేరే తొట్టెలో కోలుకోనివ్వండి, తిరిగి తెచ్చేటప్పుడు కొత్త చేపని తెచ్చినట్టే మళ్లీ డబ్బాతో మొదలుపెట్టండి.

పట్టడానికి జాలి వల వద్దు. క్లౌన్‌ల మొప్పల దగ్గర చిన్న ముళ్లుంటాయి, మెరూన్‌కి బుగ్గ మీద పెద్ద ముల్లే ఉంటుంది, వలకి చిక్కుకుంటే విడిపించేటప్పుడు చేపకే గాయం. పారదర్శక మగ్గు గానీ, పై భాగం కోసిన లీటర్ సీసా గానీ నీళ్లలో పక్కకి పడుకోబెట్టి, లోపల కాస్త తిండి వేయండి. పెత్తనం చేసేదే ముందు దూరుతుంది, దాని ఆత్రమే మీకు సాయం. సీసా వెంటనే లేపకండి, మూతికి చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా ఎత్తండి.

4. డబ్బా ఎక్కడ పెట్టాలి.

వేవ్‌మేకర్ (నీళ్లని కదిలించే పంపు) లేదా ఫిల్టర్ నీళ్లు తగిలే చోట, కానీ నేరుగా ఎదురుగా వద్దు. డబ్బాలో చిన్న పీవీసీ ముక్క వేయండి, అది ఆనుకుని నిద్రపోతుంది. పైన జాలి కప్పండి. కోపంలో ఉన్న క్లౌన్ డబ్బాలోంచి దూకేస్తుంది, బయట తరుముడు పడేది ట్యాంకులోంచే దూకేస్తుంది. పొద్దున్నే నేల మీద ఎండిపోయిన చేపని చూసినవాళ్లలో చాలామంది "గొడవ చంపేసింది" అంటారు, నిజానికి చంపింది మూత లేకపోవడం.

పెద్దదానికి కూడా రోజూ తిండి పెట్టండి, పస్తు పెడితే బుద్ధి రాదు, ఆకలితో బయటికొచ్చి ఇంకా రెచ్చిపోతుంది. తిననిది సిరంజితో తీసేయండి, డబ్బాలో కుళ్లితే అమ్మోనియా.

కరెంటు పోతే డబ్బాలో నీళ్లు కదలవు, ట్యాంకుకంటే ముందు డబ్బాలోని చేపకే ఊపిరి ఆడదు. బ్యాటరీ పంపు గొట్టం డబ్బాలోకి పెట్టేలా ముందే సిద్ధంగా ఉంచుకోండి. ఇక తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు ఈ పని అసలు మొదలుపెట్టొద్దు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మన వైపు కరెంటు ఎన్ని రోజులు లేదో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్టోబరు, నవంబరుల్లో కొత్త చేప కొనడమే వాయిదా వేసుకుంటే హాయి.

5. ఈలోపు ట్యాంకు సర్దు మార్చండి.

పెద్దది డబ్బాలో ఉండగానే రాళ్లు జరపండి. అది తన చోటుగా కాపాడుకుంటున్న మూల, రాయి, పంపు పక్క, ఏదైతే అది, గుర్తుపట్టలేనట్టు మార్చేయండి. మార్చేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, దాక్కునే ప్రతి చోటుకీ రెండు దారులుండాలి, ఒక్క దారే ఉన్న గుహలో చిన్నది ఇరుక్కుపోతుంది. రెండోది, ట్యాంకు మధ్యలో చూపు ఆగేలా రాళ్లు ఎత్తుగా పేర్చండి. కంటికి కనబడితేనే తరుముతుంది. రాళ్లు జరిపేటప్పుడు ఇసుక లోతుగా కెలక్కండి, అడుగున పేరుకున్న చెత్త లేచి నీళ్లు పాడవుతాయి. ఒకేసారి అంతా పీకి పెట్టక్కర్లేదు.

యానిమోన్, అంటే సముద్రంలో క్లౌన్‌లు కాపురం పెట్టే మెత్తటి జీవి, ఉంటే సంగతి వేరు. అది ఉన్నచోట గొడవ పెరుగుతుంది, ఎందుకంటే అది వాళ్ల ఇల్లు. జత కుదరకముందే యానిమోన్ తెచ్చి పెడితే ప్రేమగా ఉంటాయని చెబుతారు, నమ్మకండి. ఇంట్లో ట్యాంకులో క్లౌన్‌లకి యానిమోన్ అవసరమే లేదు, లేకుండా ఏళ్ల తరబడి బతుకుతాయి, గుడ్లూ పెడతాయి. ఇప్పటికే ఉంటే దాన్ని పీకకండి, చీలితే ట్యాంకంతా పాడవుతుంది.

6. ఎప్పుడు వదలాలి.

మూడు రోజుల నుంచి వారం దాకా ఉంచండి. రోజులు లెక్కపెట్టడం కన్నా చిన్నదాన్ని చూడండి. అది మూలలోంచి బయటికొచ్చి, ట్యాంకు మధ్యలో ఈదుతూ, వేసిన తిండి మొదటి నిమిషంలోనే తింటూ, రెక్కల చివర్లలో సన్నటి పారదర్శక అంచు కొత్తగా మొలవడం కనిపిస్తే సిద్ధమైనట్టు. అది ఇంకా పైమూలలోనే ఉంటే ఇంకో నాలుగు రోజులు ఆగండి.

వదిలేది సాయంత్రం. రెండిటికీ కడుపునిండా పెట్టండి, గంట తర్వాత ట్యాంకు లైటు ఆపండి, గదిలో కొంచెం వెలుతురు ఉంచండి. అప్పుడు డబ్బాని వంచి పెద్దదాన్ని దానంతటదే బయటికి వచ్చేలా వదలండి. నిద్ర వేళకి క్లౌన్‌లు చురుకు తగ్గుతాయి. రాత్రంతా చీకట్లో ఒకే నీళ్లలో గడిపాక పొద్దున్న లేచేసరికి సగం కోపం తగ్గుతుంది. పొద్దున్నే లైటు వేయకముందే ఒకసారి చూడండి, వేశాక మొదటి అరగంట దగ్గరుండండి, అసలు పరీక్ష ఆ అరగంటలోనే.

7. మళ్లీ మొదలైతే.

ఒకసారి తరిమి ఆగితే వదిలేయండి. ఆగకపోతే మళ్లీ డబ్బా, ఈసారి రెండు వారాలు. ఇంకా కావాలంటే రెండు మార్గాలున్నాయి. ట్యాంకు పక్క గాజుకి బయటి నుంచి చిన్న అద్దం ఆనించండి, పెద్దది తన బొమ్మతోనే తగువుకి దిగి చిన్నదాన్ని కాసేపు మర్చిపోతుంది. రోజుకి అరగంటకి మించొద్దు, లేకపోతే అద్దం ముందే అలిసిపోయి తిండి మానేస్తుంది. రెండోది, ఆఫీసుల్లో సీలింగ్ లైట్ల కింద వేసే గళ్ల ప్లాస్టిక్ షీటు కొని, ట్యాంకు కొలతకి కోసి మధ్యలో అడ్డంగా నిలబెట్టడం. గళ్లు చిన్న చేప దూరేంత ఉంటాయేమో ముందు చూసుకోండి, దూరేలా ఉంటే దాని మీద దోమజాలి కట్టండి. అడ్డు పెట్టాక రెండు వైపులా నీళ్లు తిరగాలి, హీటర్ ఉన్న వైపు వేడి, లేని వైపు చల్లగా అయిపోకూడదు.

ఇవన్నీ చేసి రెండోసారి కూడా కుదరకపోతే ఆ రెండూ కుదరవు. ఒకదాన్ని ఇచ్చేయండి. నా అభిప్రాయంలో పెద్దదాన్నే ఇచ్చి, చిన్నదానికి ఇంకా చిన్న జోడు తేవడం మేలు, కానీ పెద్దది మీకు ఇష్టమైతే అలాగే ఉంచి, దానికంటే బాగా చిన్నది తెచ్చి మళ్లీ మొదలుపెట్టినా తప్పులేదు.

మందుల గురించి

మంచినీళ్ల ట్యాంకులకి అలవాటుపడినవాళ్లు దెబ్బ కనబడగానే రాళ్లుప్పు, పసుపు వేసేస్తారు. ఇది ఉప్పునీళ్ల ట్యాంకండీ, ఇంకా ఉప్పేంటి? పసుపు కూడా వద్దు. రాగి కలిసిన మందు ప్రధాన ట్యాంకులో పోస్తే రొయ్యలు, నత్తలు, పగడాలు పోతాయి. చీలిన రెక్కకి శుభ్రమైన నీళ్లు, మంచి తిండి చాలు. వారానికి పది నుంచి పదిహేను శాతం నీళ్లు మార్చండి. పచ్చి రొయ్యని పొట్టు తీసి, గడ్డకట్టించి, ముల్లంత ముక్కలుగా తరిగి పెడితే లొట్టలేసుకుని తింటాయి, మన దగ్గర రొయ్యకి కరువా.

దెబ్బనీ జబ్బునీ కలగాపులగం చేయకండి. గొడవ దెబ్బ రెక్కల అంచుల్లో, తోక చివర, కంటి దగ్గర ఉంటుంది. ఒంటి మీద తెల్లగా జిగురు పొరలా కమ్మి, రంగు మసకబారి, ఊపిరి గబగబా ఆడి, ఒకదాని నుంచి ఇంకోదానికి వస్తోందంటే అది బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి కావచ్చు. క్లౌన్‌లకి బాగా పట్టే జబ్బు, రోజుల్లోనే చంపేస్తుంది. అప్పుడు డబ్బా పక్కన పెట్టి, వెంటనే వేరే తొట్టెలోకి మార్చి వైద్యం చూడండి.

ఇవి చేయకండి

మధ్యవర్తిగా ఉంటుందని మూడో క్లౌన్ తేవద్దు. రెండు జతకట్టి మూడోదాన్ని చంపుతాయి. కోపం దాని మీదకి మళ్లుతుందని షాపులో చవగ్గా దొరికే నీలం డామ్సెల్ చేపని వేయొద్దు. క్లౌన్‌లు కూడా డామ్సెల్ కుటుంబానివే, మీరు తగాదాకి ఇంకో చుట్టాన్ని పిలిచినట్టవుతుంది.

ప్రతి కొరుకుడుకీ చెయ్యి పెట్టి విడదీయకండి. చిన్నది వణికి ఒప్పుకునే లోపే మీరు విడదీస్తే లెక్క తేలదు, రేపు మళ్లీ మొదట్నుంచే.

చిన్నది పెరగడం లేదని దానికి ప్రత్యేకంగా కుక్కి పెట్టకండి. 2003లో పాపువా న్యూ గినీ పగడపు దిబ్బల్లో పెర్కులా క్లౌన్‌ల మీద అచ్చయిన పరిశోధన ఒకటుంది. కింది స్థాయి చేప తన పెరుగుదలని తనే అదుపులో పెట్టుకుని, పై చేపకంటే ఎప్పుడూ చిన్నగా ఉంటుందని అందులో తేలింది. సమానంగా పెరిగితే గెంటేస్తుంది మరి. చురుగ్గా తింటూ తిరుగుతుంటే చిన్నగా ఉండటం జబ్బేమీ కాదు.

ఇప్పుడు కొనబోతున్నవాళ్లకి: ఒకే షాపు, ఒకే తొట్టె, రెండూ పిల్లలు, ఒకటి కాస్త పెద్దది. సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీలో పుట్టినవి అడగండి. క్లౌన్‌లని హేచరీలో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో రూపొందించింది, ట్యాంకు తిండికి అవి తొందరగా అలవాటవుతాయి. విశాఖ నుంచో, చెన్నై కొళత్తూరు నుంచి పార్శిల్‌లోనో తెప్పిస్తే రెండిటినీ వేర్వేరు కవర్లలో వేయమని గట్టిగా చెప్పండి. ఒకే కవర్లో వేస్తే దారిపొడుగునా పారిపోడానికి చోటు లేక చిన్నది దెబ్బలు తింటూనే వస్తుంది.

కుదిరిందని ఎలా తెలుస్తుంది

వదిలిన రెండు రోజుల్లో తరుముడు ఉన్నా మధ్యలో విరామాలు పెరగాలి. మళ్లీ ఆ ఇరవై నిమిషాల వీడియో తీసి, ఎన్నిసార్లు తరిమిందో కాగితం మీద గీతలు గీయండి, మర్నాడు అదే సమయానికి మళ్లీ తీసి పోల్చండి. గీతలు తగ్గాలి, అంతే. చిన్నదాని మొప్పలు పదిహేను సెకన్లలో ఎన్నిసార్లు ఆడుతున్నాయో లెక్కపెట్టి, అదే పెద్దదానికీ లెక్కపెట్టండి. బాగా తేడా ఉంటే చిన్నది ఇంకా భయంలోనే ఉంది.

వారం నాటికి రెండూ ఒకే వైపు తిరగాలి, తిండికి ఇద్దరూ రావాలి, పెద్దది మీదకొస్తే చిన్నది పారిపోకుండా వణికి నిలబడాలి. రాత్రి టార్చి మీద చెయ్యి అడ్డంపెట్టి మసక వెలుతురులో చూడండి. రెండూ ఒకే చోట, పక్కపక్కన పడుకుంటే దాదాపు కుదిరినట్టే. నెలకి కూడా చెరో మూల పడుకుంటున్నా తగాదా, గాయాలు లేకపోతే ఏమీ చేయకండి, కొన్ని జతలు అంతే.

కొన్నాళ్లకి ఇంకో ఫిర్యాదు వస్తుంది: "అంతా బాగుందండీ, ఇప్పుడు నన్ను కరుస్తోంది." రాయి మీదో గాజు మీదో ఒక చోటుని రెండూ నోటితో రుద్దుతూ శుభ్రం చేస్తుంటే, ఆడదాని పొట్ట ఉబ్బితే, గుడ్లు పెట్టబోతున్నాయి. అక్కడ ఒక మట్టి మూకుడు బోర్లించి పెడితే దాని మీదే పెడతాయి, కొత్తది, రంగు వేయనిది. గుడ్లు పొదగడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది, అన్ని రోజులూ మగది రెక్కలతో వాటి మీదకి నీళ్లు విసురుతూ కాపలా ఉంటుంది, ఆడది మీ చేతి మీదకి వస్తుంది. చేతికి రబ్బరు గ్లవ్ వేసుకోండి, గాజు గీకడానికి పొడుగు కర్ర వాడండి. మరీ మీద పడుతుంటే ఆ కాసేపు ఆడదాన్ని చిల్లుల డబ్బాలో ఉంచి పని కానిచ్చి వెంటనే వదిలేయండి. మగదాన్ని మాత్రం గుడ్ల దగ్గర నుంచి కదపొద్దు, పది నిమిషాలు కాపలా తప్పితే పక్కనున్న రొయ్యలే గుడ్లు తినేస్తాయి.